హైదరాబాదీ వాట్సాప్ స్టికర్ ప్యాక్: చేప బిల్డింగ్ నుంచి ఉస్మానియా బిస్కెట్ దాకా మనమే తయారుచేసుకోవడం ఎలా

ఏ తెలుగు గ్రూపు తెరిచినా బ్రహ్మానందం స్టికర్ ఒకటైనా కనబడుతుంది. బతికున్న నటుల్లో అత్యధిక సినిమాల్లో కనిపించినందుకు గిన్నిస్ రికార్డుకెక్కిన మనిషి కాబట్టి, ఏ సందర్భానికైనా ఆయన ముఖం ఒకటి దొరుకుతుంది. పక్కన మాట రాయకపోయినా అర్థమైపోతుంది. అలాంటి ముఖం అందరికీ ఉండదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మాత్రం వింతలకు కొదవ లేదు. చేప ఆకారంలో కట్టిన సర్కారీ ఆఫీసు ఉంది. కమోడ్ ఆకారంలో నిజంగా నడిచే బండి ఉంది. పిల్లర్ నంబర్ చెప్పి అడ్రస్ అడిగే రోడ్డు ఉంది. రెండు క్షణాలు ఎక్కువ ముంచితే చాయ్‌లో తెగిపడే బిస్కెట్ ఉంది. వీటన్నిటినీ మీ ఫోన్‌తోనే తీసుకోవచ్చు, ఏ సినిమా ఫ్రేమూ అక్కర్లేదు.

ముందు జవాబులు, ఆ తర్వాత బొమ్మలు

చాలా ప్యాకులు ఇక్కడే దెబ్బతింటాయి. ముందు మంచి ఫొటోలు తీసి, తర్వాత వాటికి మాటలు వెతుకుతారు. చార్మినార్ బొమ్మ కింద "చార్మినార్" అని రాసిన స్టికర్‌ను ఎవరు ఎప్పుడు పంపుతారు? దానికి సందర్భమే లేదు.

కాబట్టి మీ గ్రూపుల్లో గత వారం చాటింగ్ తిరగేసి, జనం మళ్లీ మళ్లీ టైప్ చేస్తున్న జవాబులు ఒక కాగితం మీద రాయండి. ఈ ఊళ్లో జాబితా ఇంచుమించు ఇలా వస్తుంది: ట్రాఫిక్‌ల ఉన్న, ఐదు నిమిషాల్ల ఉంట, ఎక్కడున్నవ్, జర ఆగు, లైట్ తీస్కో, పరేషాన్ గాకు, దిమాక్ ఖరాబ్, ఐపాయె, గంతే, నక్కో, చాయ్ తాగుదమా. మాట్లాడినట్టే రాయండి. "ట్రాఫిక్‌లో ఉన్నాను" అని రాస్తే ఆఫీసు మెయిల్ చదివినట్టు ఉంటుంది.

ఒక ప్యాక్‌లో కనీసం 3, గరిష్ఠంగా 30 స్టికర్లు పెట్టనిస్తుంది వాట్సాప్. 30 పెట్టొచ్చు కదా అని నింపేయకండి. వేలితో జరుపుతూ వెతికేలోపు సందర్భం దాటిపోతుంది. 12 నుంచి 16 దాకా సరిపోతాయి.

ఇప్పుడు ఒక్కో జవాబుకు బొమ్మ అతికించండి. బొమ్మ చెప్పేది మాట మళ్లీ చెప్పకూడదు, సగం ఇది చెబితే మిగతా సగం అది చెప్పాలి. జాతీయ మత్స్యాభివృద్ధి బోర్డు 2012 నుంచి చేప బిల్డింగ్‌లో ఉంది. ఆ బొమ్మ కింద "చేప బిల్డింగ్" అని రాస్తే చప్పగా ఉంటుంది. "వానొచ్చింది, బయల్దేరిన" అని రాసి చూడండి. జూలైలో ఒక గంట వాన పడితే చాలు, ఈ ఊళ్లో దాన్ని పంపనివాళ్లుండరు. ఉస్మానియా బిస్కెట్ సగం చాయ్‌లో తెగిపడి, మిగతా సగం వేళ్ల మధ్య ఉన్న ఫొటోకి "ఐపాయె" చాలు. రిజల్ట్ పోయినా, మ్యాచ్ పోయినా, డెడ్‌లైన్ పోయినా అదే పనికొస్తుంది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో కమోడ్ బండి, లిప్‌స్టిక్ బండి, బర్గర్ బండి ఉన్నాయి. కమోడ్ బండి కింద "దార్ల ఉన్న, వస్తున్న" అని పెట్టండి.

చిలుకూరు బాలాజీ దగ్గర కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక మొక్కు చెల్లించడానికి 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు మీద టిక్కులు పెట్టుకుంటారు. వీసా ఇంటర్వ్యూకి వెళ్తున్న స్నేహితుడికి పంపడానికి ఆ కార్డు కంటే మంచి బొమ్మ లేదు. పదకొండు గళ్లు కొట్టేసి, మిగతావి ఖాళీగా వదలండి. దేవుడి ఫొటోగానీ గుళ్లో ఫొటోగానీ దీనికి అవసరం లేదు, కార్డును చేత్తో గీసి తీస్తే చాలు. నమ్మకం ఉన్నవాళ్లు నవ్వుతూ ఫార్వర్డ్ చేసేలా ఉండాలి, నొచ్చుకునేలా కాదు.

ఫొటో తీసేటప్పుడే చూసుకోవాల్సినవి

స్టికర్‌కి అవుట్‌లైన్ ప్రాణం. వస్తువును పూర్తిగా నల్లగా నింపినా అదేంటో తెలియాలి. చేప బిల్డింగ్ పక్కనుంచి చూస్తే చేప, ఎదురుగా నిలబడితే ఏదో గుండ్రటి గోడ. అందుకే పక్క నుంచే తీయాలి. అది పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ 235 దగ్గర ఉంటుంది. పైన ఫ్లైఓవర్ మీద బండి ఆపే ఆలోచన పెట్టుకోకండి, కింది రోడ్డు మీద నుంచే తీయండి. దగ్గరగా నిలబడి మామూలు లెన్స్‌తో తీస్తే మూతి ఉబ్బి తోక చిన్నదైపోతుంది. వీలైనంత వెనక్కి జరిగి 2 రెట్ల జూమ్ వాడండి.

దాని ఒళ్లంతా వెండి రంగు. మబ్బు పట్టిన రోజు ఆకాశమూ అదే రంగులో ఉంటుంది. ఫోన్‌లో ఆటోమేటిక్‌గా బ్యాక్‌గ్రౌండ్ తీసేసే టూల్ రెండిటికీ తేడా తెలుసుకోలేక వీపు భాగాన్ని కొరికేస్తుంది. ఆకాశం నీలంగా ఉన్న ఉదయమో, లైట్లు వేశాక చీకటి పడుతున్నప్పుడో తీస్తే ఈ బాధ ఉండదు.

ఇరానీ చాయ్‌కి ఇదే సమస్య తలకిందులుగా వస్తుంది. తెల్ల కప్పు, తెల్ల సాసర్, కింద తెల్ల పాలరాతి బల్ల. కప్పు కింద ముదురు రంగు గుడ్డ ముక్కో, నల్ల ఫైలో పరిచి తీయండి. ఆవిరి కట్ అవుట్‌లో నిలబడదు, మసక మచ్చలా మిగులుతుంది. ఆవిరిని చెరిపేసి, తర్వాత 10 పిక్సెళ్ల మందంతో రెండు మూడు గీతలు చేత్తో గీయండి. చిన్న సైజులో ఆ గీతలే అసలు ఆవిరి కంటే బాగా కనబడతాయి.

చార్మినార్ మొత్తం పట్టించాలనుకోకండి. నాలుగు మినార్లూ ఒక స్టికర్‌లో ఇరికిస్తే ఒక్కొక్కటి అగ్గిపుల్లంత అవుతుంది. ఒక మినార్ పై భాగం, దాని పక్కన ఒక ఆర్చి ముక్క చాలు.

సుధా కార్స్‌లో ఫొటోలకు నియమాలేమిటో టికెట్ దగ్గరే అడగండి. అక్కడి ఎత్తైన మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్‌కెక్కింది. 12.67 మీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని ఫ్రేమ్‌లో ఇరికించడం కష్టం. పక్కన మనిషి నిలబడితే తప్ప ఆ ఎత్తు తెలియదు కాబట్టి, మీ వెంట వచ్చినవాళ్లనే నిలబెట్టండి. దారిన పోయేవాళ్ల ముఖాలు స్టికర్‌లోకి రానివ్వకండి.

కట్ అవుట్

ఐఫోన్‌లో ఫొటో తెరిచి వస్తువు మీద వేలు అదిమి పట్టుకుంటే అదే విడిపోయి వస్తుంది. ఐఓఎస్ 16 నుంచి ఈ సౌకర్యం ఉంది. వాట్సాప్ స్టికర్ల పేజీలోనూ ఫొటో ఇస్తే దానంతటదే కత్తిరించే సౌకర్యం ఉంది. ఒకటీ అరా స్టికర్ పంపడానికి అది చాలు. అంచులు శుభ్రంగా ఉన్న ప్యాక్ కావాలంటే బొమ్మలు దిద్దే యాప్‌లు పెట్టుకోండి: కంప్యూటర్‌లో గింప్, ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్. రెండూ ఉచితంగా దొరుకుతాయి.

ఆటోమేటిక్ కట్ తర్వాత అంచు చుట్టూ పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు సన్నటి గీతలా మిగులుతుంది. తెల్ల చాట్ మీద కనబడదు, డార్క్ మోడ్‌లో పెట్టగానే బయటపడుతుంది. గింప్‌లో సెలెక్షన్‌ను 2 పిక్సెళ్లు లోపలికి కుదించి, అంచు మెత్తబడేలా అర పిక్సెల్ ఫెదర్ ఇచ్చి, బయటి భాగం తొలగిస్తే పోతుంది.

తర్వాత తెల్ల అంచు. ఇది సోకు కోసం అనుకుంటారు గానీ, వాట్సాప్ స్వయంగా 8 పిక్సెళ్ల తెల్ల అంచు పెట్టమని సూచిస్తుంది. తెల్ల తెర, నల్ల తెర, పూల వాల్‌పేపర్, ఎక్కడైనా బొమ్మ విడిగా నిలబడటానికి అదే దారి. గింప్‌లో ఆల్ఫా టు సెలెక్షన్ నొక్కి, సెలెక్షన్‌ను 8 పిక్సెళ్లు పెంచి, బొమ్మ లేయర్ కింద కొత్త లేయర్ వేసి తెలుపు నింపండి. బొమ్మ లేయర్ మీదే నింపితే బొమ్మ మాయమవుతుంది.

తెలుగు అక్షరాలు: అసలు పని ఇక్కడే

ఇంగ్లిష్ మీమ్‌కి ఏదో ఒక లావు ఫాంట్ పడేస్తే పనైపోతుంది. మనకు కింద ఒత్తులు, పైన గుడులు, లోపల చుక్కలు. చాట్‌లో స్టికర్ తెర వెడల్పులో సగం కూడా ఉండదు. మొదట పోయేది ఆ చుక్కలే.

ఫాంట్ లావుగా, లోపలి ఖాళీలు పెద్దవిగా ఉండాలి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే బాలూ తమ్ముడు 2 స్టికర్లకు చక్కగా సరిపోతుంది. గుండ్రంగా ఉంటుంది, ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా బరువులున్నాయి. పోస్టర్ పొగరు కావాలంటే రామభద్ర. సూరన్న వంటి సన్న ఫాంట్లు పుస్తకానికి అందంగా ఉంటాయి, స్టికర్ సైజులో వెంట్రుకల్లా కనబడతాయి. మూడూ స్వేచ్ఛా లైసెన్సువే, కాబట్టి ప్యాక్ ఎంతమందికి పంచినా చిక్కు లేదు.

512 పిక్సెళ్ల కాన్వాస్ మీద అక్షరం ఎత్తు 90 నుంచి 110 పిక్సెళ్లు పెట్టండి. ఒక వరుసకు రెండు చిన్న మాటలు మించకూడదు, మొత్తం రెండు వరుసలు దాటకూడదు. వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. "తీస్కో"లో స కింద వేలాడే క ఒత్తు కింది వరుసలోని గుడిని తన్నుకోకుండా ఉండాలంటే అంత జాగా కావాలి.

అక్షరం చుట్టూ నల్ల గీత ఇచ్చేటప్పుడు అది అక్షరం వెనక నుంచి బయటికి మాత్రమే రావాలి. కొన్ని యాప్‌లు గీతను అంచు మధ్యలో వేసి, సగం లోపలికి పాకిస్తాయి. అప్పుడు ఠ లోపలి చుక్క పూడిపోయి ర అవుతుంది, థ లోపలి చుక్క పోయి ధ అవుతుంది. "పీఠం" కాస్తా "పీరం"గా చదువుతారు. యాప్‌లో బయటికి మాత్రమే అనే ఎంపిక లేకపోతే ఒకే మాటను రెండు లేయర్లుగా పెట్టండి: కిందిది లావు గీతతో నల్లగా, పైది గీత లేకుండా తెల్లగా.

ఇక "ట్రాఫిక్‌ల" అనే మాట. ఈ ఊరి ప్యాక్‌లో తప్పనిసరిగా ఉండేది, తప్పనిసరిగా చెడేది అదే. మామూలుగా టైప్ చేస్తే క్, ల కలిసిపోయి క కింద ల ఒత్తు వచ్చి "ట్రాఫిక్ల" అవుతుంది. పొల్లును విడిగా నిలబెట్టడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం పెట్టాలి. మీ కీబోర్డులో అది దొరకకపోతే, సరిగ్గా రాసిన "సాఫ్ట్‌వేర్" అనే మాటను ఎక్కడినుంచైనా కాపీ చేసి, "ట్‌వే" దగ్గర ముందూ వెనకా ఉన్న అక్షరాలు చెరిపి మీవి పెట్టుకోండి. కనబడని అక్షరం అక్కడే ఉండిపోతుంది.

ఈ చిన్న అక్షరానికి పెద్ద చరిత్రే ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" మధ్యలో ఇది ఇరికించిన ఒక మెసేజ్ ప్రపంచమంతా తిరిగింది. జ, పొల్లు, ఞ, ఈ కనబడని అక్షరం, దీర్ఘం, సరిగ్గా ఈ వరుసలో వస్తే ఐఫోన్‌లో ఆ మెసేజ్ చూపించే యాప్ కుప్పకూలిపోయేది. మన లిపిని ఎన్నడూ చూడనివాళ్లు సైతం ఆ వారం తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్నారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి యాపిల్ దాన్ని సరిచేసింది. స్టికర్‌లో మాట బొమ్మగా మారిపోతుంది కాబట్టి ఇప్పుడు "జ్ఞానం" ధైర్యంగా రాసుకోవచ్చు.

ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే తప్పు ఫాంట్‌ది కాదు. పాత ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి దక్షిణాసియా లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోండి. అప్పుడు కొత్త ఫైలు తెరిచి రాస్తే సర్దుకుంటుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించాలనుకుంటే, వాళ్ల దగ్గర నుంచి టెక్స్ట్ తెచ్చుకోకండి. అవి యూనికోడ్ కావు, ఫోన్‌లో పిచ్చి గుర్తులు వస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ బొమ్మగా ఇమ్మనండి.

కొలతలు, బరువు

కాన్వాస్ కచ్చితంగా 512 × 512 పిక్సెళ్లు. చుట్టూ 16 పిక్సెళ్ల ఖాళీ వదలండి, అంటే బొమ్మకూ మాటకూ మిగిలేది 480. ఫార్మాట్ వెబ్‌పీ, కదలని స్టికర్ 100 కేబీ లోపు. ప్యాక్ గుర్తుగా కనబడే చిన్న బొమ్మ 96 × 96, అది 50 కేబీ లోపు. చుట్టూ వదిలే ఖాళీ తప్ప మిగతా అంకెల్లో ఒక్కటి తప్పినా ప్యాక్ యాడ్ కాదు, చాలాసార్లు ఎందుకో కూడా చెప్పదు.

వెబ్‌పీగా మార్చడానికి బ్రౌజర్‌లో నడిచే స్క్వూష్ వాడండి. క్వాలిటీ 75 దగ్గర పెట్టి ఎడమా కుడీ పోల్చి చూడొచ్చు. ఎక్కువ బరువు తూగేది ఆకులు, గుంపులు, ఇసుక లాంటి గజిబిజి. చేప బిల్డింగ్ సులువుగా సరిపోతుంది, పక్కన చెట్టు వదిలేస్తే మాత్రం బరువు పెరిగిపోతుంది.

మార్చేముందు ఒక పరీక్ష చేయండి. బొమ్మను 128 పిక్సెళ్లకు కుదించి, ఫోన్‌ను చేయి చాచి పట్టుకుని చూడండి. మాట చదవలేకపోతే ఫాంట్ పెంచడం కంటే మాట తగ్గించడమే మేలు. "పిల్లర్ నంబర్ ఎంతో చెప్పు" కంటే "పిల్లర్ నంబర్?" బాగా పనిచేస్తుంది.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కి బొమ్మలు వాట్సాప్‌లోనే పంపుకుంటారా? ఫొటోగా పంపితే జేపెగ్ అయిపోయి, పారదర్శకంగా ఉన్నచోట నలుపో తెలుపో నిండిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

కదిలే స్టికర్లు

కదిలే స్టికర్ 500 కేబీ లోపు, 10 సెకన్ల లోపు ఉండాలి. ఒకే ప్యాక్‌లో కదిలేవీ కదలనివీ కలపడానికి కుదరదు, విడి ప్యాక్ చేయాలి. వీడియో ముక్క తెచ్చి మార్చాలని చూస్తే బరువు ఎక్కడికో పోతుంది. రెండు ఫ్రేములు, ఒక్కోటి 200 మిల్లీసెకన్లు, దాంతోనే చాలా నవ్వు పుట్టించొచ్చు. బిస్కెట్ నిలువుగా ఉన్న ఫ్రేమ్ ఒకటి, తెగిపడిన ఫ్రేమ్ ఒకటి. "దిమాక్ ఖరాబ్"కి బొమ్మను 6 పిక్సెళ్లు ఎడమకు, కుడికి జరిపిన నాలుగు ఫ్రేములు. కదలిక ఆగినప్పుడు చూసేవాళ్లకు మొదటి ఫ్రేమే కనబడుతుంది కాబట్టి, అది ఒక్కటి చూసినా స్టికర్ ఏంటో తెలియాలి. ఖాళీ తెరతో మొదలుపెట్టకండి.

ప్యాక్ కట్టడం, హక్కులు

స్టికర్ మేకర్ యాప్ ఏదైనా తీసుకుని, ఫైళ్లు వరుసగా ఎక్కించి, పేరు పెట్టి, యాడ్ నొక్కడమే. యాప్ కాంటాక్టుల పర్మిషన్ అడిగితే వదిలేసి వేరేది చూసుకోండి, స్టికర్లకు కాంటాక్టులతో పని లేదు. ఒక్కో స్టికర్‌కి మూడు దాకా ఎమోజీలు జోడించొచ్చు. జోడిస్తే వెతికినప్పుడు దొరుకుతుంది. చాలామంది ఇది వదిలేస్తారు, అందుకే తయారుచేసిన స్టికర్ వాళ్లకే కనబడదు.

సొంత ఫొటోలతో చేయమనడానికి చట్టం కూడా ఒక కారణం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం కట్టడాలను ఫొటో తీయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదు. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలకూ అదే వర్తిస్తుంది. చేప బిల్డింగ్, హుస్సేన్‌సాగర్ బుద్ధుడు ఇందులోకే వస్తాయి. సినిమా ఫ్రేమ్ సంగతి వేరు. సినిమాలోని ఏ దృశ్యాన్నైనా ఫొటోగా తీసే హక్కు నిర్మాతదే. ఆ హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1960లో వచ్చిన సినిమా మీద అది 2020 చివరికి ముగిసింది. స్నేహితుల మధ్య పంచుకోవడం ఒక ఎత్తు, ప్లే స్టోర్‌లో ప్రకటనలతో యాప్‌గా పెట్టడం ఇంకో ఎత్తు. రెండోది చేసేవాళ్లు సినిమా ముఖాల జోలికి పోకపోవడమే మంచిది.

టెలిగ్రామ్‌కి మార్చాలంటే

అక్కడ ఒక వైపు 512 ఉంటే చాలు, రెండోది తక్కువ ఉండొచ్చు. పీఎన్‌జీ అయినా తీసుకుంటుంది. స్టికర్స్ అనే అధికారిక బాట్‌కి ఒక్కో ఫైలు డాక్యుమెంట్‌గా పంపి, పక్కనే ఎమోజీ ఇస్తూ పోతే, చివర్లో లింక్ ఇస్తుంది. కదిలేవి మాత్రం అలాగే పనికిరావు. వెబ్‌ఎమ్ అనే వీడియో ఫార్మాట్‌లో వీపీ9 కోడెక్‌తో మార్చి, 3 సెకన్లకు, 256 కేబీకి కుదించి, శబ్దం తీసేయాలి. రెండు ఫ్రేముల బిస్కెట్ ఏ ఇబ్బందీ లేకుండా దాటిపోతుంది. వీడియో నుంచి తీసినవాటికి మాత్రం ఫ్రేములు తగ్గించి మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది.